బరువెక్కిన అడవి

మా ఆయనకి సన్మానం చేశారు. మెడలో పతకం వేసి, నెత్తిన కొత్త టోపీ పెట్టి, మనూరి ఏటి పొడుగునా లిసార్దోలాగా అడవిని పెంచినవాడు ఇంకొకడు లేడని మైకులో చెప్పారు. ఆ ఏడాది మా చెట్ల కింద ఒక్క కస్తాన్య కాయ పడితే ఒట్టు.

సన్మానం జరుగుతుంటే నాకు నవ్వాగలేదు. పక్కున నవ్వేశాను. చుట్టూ ఉన్న ఆడాళ్ళు తలలు తిప్పి, ఈ సొయిలాకి పిచ్చిగానీ పట్టలేదు కదా అన్నట్టు చూశారు. చూడనీ. నా కడుపు మంట వాళ్ళకేం తెలుసు? తెలీకేం, తెలుసు. వాళ్ళ చెట్లూ కాయలేదు. అయినా పెద్ద మనుషులు వచ్చారు కదా అని చేతులు కట్టుకుని కూర్చున్నారు.

మాది కస్తాన్య బతుకు. ఊళ్ళో ప్రతి ఇంటికీ అడవిలో ఒక బాట ఉంటుంది, ఆ బాట వెంట పడే కస్తాన్య చెట్లన్నీ ఆ ఇంటివే. మా బాట మా అమ్మది, అమ్మ తర్వాత నాది. ఆ చెట్లని ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు పొయ్యరు. అడవి నరికి వరసగా నాటితే ఏపుగా పెరుగుతాయిగానీ కాయవు. చుట్టూ అడవి ఉంటేనే కాస్తాయి, అదీ వాటి పొగరు. వానాకాలంలో కాయలు రాలతాయి. ఒక్కో కాయ ఇనప గుండే. కింద మనిషుంటే తల పగిలిపోవాల్సిందే, అందుకే గాలి ఆగేదాకా గుడిసెలో కూర్చుని, ఆగాక వెళ్ళి ఏరుకుంటాం. మచ్చుకత్తితో కాయ పగలగొట్టి, పలుకులు గోనెల్లో పోసి, వీపున మోసుకొచ్చి పడవెక్కిస్తాం. మా బియ్యం, మందులు, పిల్లల చదువులు, అన్నీ ఆ పలుకులే.

ఇంకో సంగతి. చెట్టు మీద తీగ కనబడిందంటే మాకు పరువు పోయినట్టే. తీగ పైకి పాకి కొమ్మల మీద పడుకుని ఎండంతా తనే తినేస్తుంది, చెట్టు కాపు తగ్గిపోతుంది. అందుకని ఎండాకాలం ఎవరి బాటలో వాళ్ళు కస్తాన్య చెట్ల మీది తీగల్ని మొదలంటా నరికేస్తాం. పెళ్ళి సంబంధం వస్తే పిల్ల తండ్రి వెళ్ళి అబ్బాయి బాట అంతా నడిచి, తలెత్తి చెట్లు చూసి వస్తాడు. మా నాన్న కూడా లిసార్దో వాళ్ళ బాటలో మెడ నొప్పెట్టేదాకా చూసి, ఇంటికొచ్చి, "వీడికి ఇవ్వొచ్చు" అన్నాడు. అంతే, ఇంకేమీ అడగలేదు. చెట్లు ఎంత శుభ్రంగా ఉంటే మనిషి కూడా అంతేనని మా వాళ్ళ లెక్క. దాని మీద ఎన్ని కాపురాలు కట్టారో!

అయితే మేం నరికేది కస్తాన్య చెట్ల మీది తీగలే. తక్కిన అడవిలో తీగలుంటే మాకేం, వాటి మానాన అవి ఉండేవి. వాటి మీదే పొడుగు చేతుల నల్లకోతులు ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదకి నేల తగలకుండా వెళ్ళేవి. ఎండాకాలం పసుపు పూలు, ఊదా పూలు పైనుంచి రాలి బాటంతా పడేవి. అవి చూసి మేం ఎప్పుడూ మురిసిపోలేదు. కాలికి అంటుకుంటే విదిలించుకుని పోయేవాళ్ళం.

అలాంటప్పుడు ప్రాజెక్టువాళ్ళు వచ్చారు. వాళ్ళ తరఫున మాట్లాడింది ఇంజనీరమ్మ మారిసెల్. చిన్నపిల్ల, బక్కగా ఉండేది, బురదలో నడవడం రాదు కానీ మాట మెత్తన. చెట్లు గాలిలోంచి కార్బన్ పీల్చి మానులో దాచుకుంటాయట. మాను ఎంత లావైతే అంత దాచినట్టు. ఎక్కడో ఫ్యాక్టరీలు పొగ వదిలేవాళ్ళు, ఆ పొగకి బదులుగా మా అడవి బరువెక్కితే అందుకు సాయం చేస్తారట. తీగల బరువు ఎంతో ఉండదట, కానీ చెట్లని ఎదగనివ్వవట. కాబట్టి అన్ని చెట్ల మీది తీగలూ కొడితే చాలు, మానులు లావెక్కుతాయి.

మా వాళ్ళ మొహాలు చూడాలి ఆవేళ! చెయ్యి తిరిగిన పనికే మెచ్చుకోళ్ళు వస్తాయంటే ఎవరికి చేదు?

కానీ ఆ పిల్ల ఇంకో మాట కూడా చెప్పింది. నేను అక్కడే ఉన్నాను, అందరికీ కర్రపెండలం పులియబెట్టి చేసే మసాతో కల్లు పోస్తున్నాను, నా చెవులతో నేను విన్నాను. "మీ అడవి నడుమ వాగుంది కదా, దానికి ఇటువైపే కొట్టండి. వాగు దాటాక ఒక్క తీగ కూడా ముట్టుకోవద్దు. అటువైపు పూలకీ జంతువులకీ వదిలెయ్యండి" అంది. రెండుసార్లు చెప్పింది. అందరూ తలూపారు, మా ఆయన అందరికంటే ఎక్కువ ఊపాడు.

ఆ సాయం కింద ఊరికి పడవ మోటారొచ్చింది, ఇళ్ళ మీదకి రేకులొచ్చాయి. పని మొదలైంది. వాగు ఇవతల అయిపోయిన రోజున ఎలీసెయో వచ్చాడు. మా ఆయనకి వరసకి బావమరిది, నోటికి హద్దూ పద్దూ లేదు. వాడి చెట్ల మీద తీగలుండేవని పూర్వం మా ఆయన వాడిని, "చెట్లకి లంగాలు కట్టావేంట్రా" అని ఏడిపించేవాడు. వాడికి ఇప్పుడు అవకాశం దొరికింది.

"ఏం బావా! ఇంజనీరమ్మ నీకు సగం అడవే ఇచ్చిందట? తక్కిన సగానికి లంగా కట్టే ఉంచుతావా? రేపు మీ మనవడికి పిల్లనిద్దామని వచ్చినవాళ్ళు అటు కూడా తలెత్తి చూస్తారు మరి!"

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు కానీ చెవులు ఎర్రబడ్డాయి. మర్నాడు తెల్లారేసరికి మచ్చుకత్తి పట్టుకుని వాగు దాటాడు.

"ఏమయ్యా, ఆ పిల్ల అటు ముట్టుకోవద్దందిగా?" అన్నాను.

"ఆ పిల్లకేం తెలుసే? తీగంటే తీగే. ఇవతలుంటే దొంగా, అవతలుంటే దొరా?"

"పూలకి వదలమంది."

"పూలు నువ్వు తింటావా, నేను తింటానా? చాల్లే, పక్కకి జరుగు."

ఆయన్ని చూసి ఎలీసెయో, వాడిని చూసి ఇంకొకడు. పందెం పెట్టినట్టు కొట్టారు. ఎవరూ కొట్టమనలేదు, కొట్టొద్దనే అన్నారు. అయినా ఎండాకాలం అయ్యేసరికి మా ఊరి అడవిలో మచ్చుకి కూడా తీగ లేదు. కోసిన తీగలు పైన ఎండి, గోధుమరంగు తాళ్ళలా వేలాడి, గాలికి ఊడి పడ్డాయి. అడవిలోకి ఎండ దిగింది. మా వాళ్ళు నడుమ్మీద చేతులు పెట్టుకుని తలెత్తి చూసి మురిసిపోయారు.

మారిసెల్ వచ్చి చూసింది. వాగు ఒడ్డున ఎండిన తీగ ముక్క ఒకటి చేతిలోకి తీసుకుంది.

"లిసార్దో గారూ, అటువైపు వద్దన్నాను కదండీ!" అంది.

"పని సగంలో వదిలెయ్యడం మా ఇంటా వంటా లేదమ్మా" అన్నాడు ఈయన, మీసం మీద చెయ్యేసుకుని.

ఆవేళ ఆ పిల్ల గట్టిగా నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఆమె పైవాళ్ళకి మానులు అనుకున్నదానికంటే లావెక్కుతున్నాయన్న కబురు చేరింది, వాళ్ళు సంతోషపడ్డారు. మెత్తటి మనుషులతో ఇదే గొడవ. నిజం చెప్తారు గానీ దాని కోసం కొట్లాడరు.

తర్వాతి వానాకాలం కాయ విరగబడి రాలింది. మా ఆయన గోనె దించి, "చూశావుటే? తీగలు పోతే కాయ ఎలా పడుతోందో!" అన్నాడు. కాయ పిందె నుంచి ముదరడానికి ఏడాది దాటుతుంది. ఆ రాలిన కాయలు తీగలు ఉన్ననాడు పట్టిన పిందెలే. ఈ సంగతి మాకు తెలీదా? పాలు తాగే పిల్లలు తప్ప ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసినా ఎవరమూ నోరు విప్పలేదు, సంతోషంగా ఉన్నాం కదా, దాన్ని పాడుచేసుకోవడం ఎందుకని.

ఆపై ఏడు కాయ సగానికి పడిపోయింది. వానలు సరిగా లేవన్నారు. వానలు బాగానే పడ్డాయి, నా రేకుల మీద మోగింది నాకు తెలీదా?

మళ్ళీ పూత కాలంలో నేనొక్కదాన్నే బాటలోకి వెళ్ళాను. మా అమ్మ పెద్దచెట్టు అని పిలిచే చెట్టు కింద నేలంతా పూలు. కస్తాన్య పువ్వు నోరు మూసుకుని ఉంటుంది, దాని మీద మందపాటి రేకు మూతలా ఉంటుంది. చిన్న ఈగల వల్ల అది లేవదు. బొద్దుగా, నల్లగా ఉండే పెద్ద తేనెటీగలే ఆ మూత ఎత్తి లోపలికి దూరతాయి. అవి దూరితేనే పిందె. నేను పువ్వు మీద పువ్వు ఏరి చూశాను. ఏ పువ్వుకీ మూత లేవలేదు. ఎక్కడివక్కడ మూసుకునే రాలిపోయాయి.

అప్పుడు చెవికి తెలిసింది. చెట్టు మోగడం లేదు. పూత కాలంలో పొద్దున్నే చెట్టు కింద నిలబడితే పైన ఆ ఈగలతో చెట్టంతా మోగేది. మాట్లాడుకోవాలంటే గొంతు పెంచేవాళ్ళం. ఇప్పుడు నా ఊపిరి నాకు వినబడుతోంది. కోతులు లేవు. కాయ కొరికి, పలుకులు అక్కడక్కడ పాతిపెట్టి మర్చిపోయే అన్యూహెలు లేవు. ఆ తోకలేని ఎలకలు మర్చిపోయిన పలుకులే మాకు కొత్త చెట్లు. అక్కడే కూర్చుని ఏడ్చాను.

మారిసెల్ మానులు కొలవడానికి వచ్చినప్పుడు ఆ పూలు దోసిట్లో పోసుకుని తీసుకెళ్ళి ఆమె ముందు గుమ్మరించాను.

"కస్తాన్య పూసేది ఏడాదిలో కొన్నాళ్ళే కదమ్మా" అంది ఆ పిల్ల, నా మొహం వంక చూడకుండా. "తక్కిన కాలమంతా ఆ ఈగలకి తిండి తీగల పూలే. అందుకే అటువైపు వదలమన్నాను. తిండి లేనిచోట అవి ఉండవు."

"మళ్ళీ తీగలు మొలిస్తే వస్తాయా?"

"వస్తాయేమో. తీగలు అంత పైకి పాకి పూయాలంటే చాలా ఏళ్ళు పడుతుంది. మీ మనవలు చూస్తారేమోనమ్మా."

"మరి ఈ మాట మీవాళ్ళతో అన్నావా?"

"అన్నాను" అంది. తల దించుకుంది. ఆ తర్వాత ఆమె మళ్ళీ మా ఊరికి రాలేదు.

సన్మానానికి వచ్చింది ఆమె పై అధికారి. తెల్లచొక్కా, చల్లటి మాట. ఈ అడవి ఇంత బరువెక్కింది, ప్రపంచమంతా మీకు రుణపడి ఉంది అన్నాడు. నవ్వాపుకోలేకపోయానని చెప్పానుగా, అది అప్పుడే. నవ్వాక లేచి నిలబడ్డాను.

"అయ్యా, బరువెక్కిందంటున్నారు, సంతోషం. ఆ బరువులో నా కాయ ఎంత?"

ఆయన కోప్పడలేదు. "అమ్మా, కాయలు మా లెక్కలోకి రావండీ. మేం చూసేది మానుని" అన్నాడు మర్యాదగా.

"ఈ మానులు చచ్చాక వీటి పిల్లలేవయ్యా? పాతేవాడెవడు, నువ్వా?"

"కూర్చోవే!" అని మా ఆయన వేదిక మీంచి పళ్ళు కొరికాడు. పతకం మెడలో పడ్డాక నన్ను చూస్తే సిగ్గు మొదలైంది ఆయనకి.

ఆ రోజే ఆయనకి ఉద్యోగం కూడా ఇచ్చారు. ఏటికి దిగువన గర్సా అనే ఊరుంది. ప్రాజెక్టు అక్కడా మొదలవుతోంది, తీగలు కొట్టడం ఈయన వెళ్ళి నేర్పాలి. గర్సాలోనే మా ఒక్కగానొక్క కూతురు నిల్దాని ఇచ్చాం. వాళ్ళ బాట, వాళ్ళ కస్తాన్య చెట్లు అక్కడివే. మా చెట్లు పోతే పోయాయి, నా బిడ్డ చెట్లు మిగలాలి. నేనూ పడవెక్కాను.

ఏట్లో నడుమకి వచ్చాక అడిగాను. "కాయ ఎందుకు పడలేదో నీకు తెలుసా తెలీదా?"

మోటారు దగ్గర కూర్చుని నీళ్ళకేసి చూశాడు. "తెలుసు" అన్నాడు.

తెలీదంటాడనుకున్నాను. పోట్లాటకి సిద్ధపడి కూర్చున్నాను.

"తెలిస్తే ఏం చెయ్యమంటావే? ఏరుకోడానికి కాయ లేదు. ఇంకేం పనుంది నాకు? ఈ వయసులో వెళ్ళి బంగారం తవ్వే గుంటల్లో బురద పిసకమంటావా?"

"పని మానమనలేదు. అక్కడా వాగుంది, దానికి ఇవతలే కొట్టమని చెప్పు. అటువైపు ముట్టుకోవద్దని చెప్పు. మనకేం జరిగిందో చెప్పు. నీ మాటయితే వింటారు."

"సరే, చెప్తాలే" అన్నాడు. నమ్మాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నాతో అబద్ధమాడింది లేదు.

నిల్దా అరటికాయ వేపుడు, పొగబెట్టిన చేప పెట్టింది. వాళ్ళ నాన్న పతకాన్ని చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూసుకుంది. నేను వంటింట్లో దాన్ని పక్కకి పిలిచి మొత్తం చెప్పాను. విని నడుమ్మీద చెయ్యేసుకుంది, అచ్చం నాలాగే.

"అమ్మా, మీకు మోటారొచ్చింది. రేకులొచ్చాయి. నాన్నకి పతకమొచ్చింది. మా వంతు వచ్చేసరికి నీకు ఈగలు గుర్తొచ్చాయా?"

"ఒసే, నీ మంచి కోరి చెప్తున్నానే!"

అల్లుడు హైరో గుమ్మంలోంచి తొంగిచూశాడు. "అత్తా, మా మానులు మీ మానులకంటే లావెక్కిపోతాయని కుళ్ళా?" అని నవ్వాడు. మంచివాడే, హాస్యానికే అన్నాడు. అయినా ఒళ్ళు మండింది.

నిల్దాని చెయ్యి పట్టుకుని బాటలోకి లాక్కుపోయాను. వాళ్ళ చెట్లు పూతలో ఉన్నాయి. చెట్టు కింద నిలబెట్టి, "విను" అన్నాను. పైన చెట్టంతా మోగుతోంది. ఆ మోత విని ఎన్నాళ్ళయిందో నాకు! గుండె నిండిపోయింది, కళ్ళు తుడుచుకున్నాను.

"ఏం వినాలి?" అంది నిల్దా.

"ఆ మోత వినబడ్డంలా?"

"ఎప్పుడూ మోగేదేగా అమ్మా" అని ఇంటికి తిరిగింది.

మర్నాడు గర్సా జనమంతా వాళ్ళ వాగు ఒడ్డున చేరారు. మా ఆయన టోపీ, పతకం పెట్టుకుని మధ్యలో నిలబడ్డాడు. తీగ ఎక్కడ కొట్టాలో, కత్తి ఎలా వాలాలో చెప్పాడు. చెప్తుంటే ఆయన గొంతు మారింది. చాన్నాళ్ళకి మళ్ళీ వయసులో ఉన్నప్పటి మనిషిలా కనిపించాడు. కుర్రాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు.

ఇంతలో నిల్దా లేచింది. నా బిడ్డ మొండిదే కానీ నా మాట దాని మనసులో ఎక్కడో పడింది.

"నాన్నా, అందరి ముందూ అడుగుతున్నా. తీగలన్నీ కొట్టడం వల్లే మీకు కాయ రాలేదంటోంది అమ్మ. నిజమేనా?"

మా ఆయన నోరు తెరిచాడు. చెప్తాడు, చెప్పేస్తాడు అనుకున్నాను.

వెనకనుంచి ఎవడో ముసలాడు, "ఏంటీ, కాయ లేని బాటా ఈయనది? మనకి నేర్పడానికొచ్చాడా!" అన్నాడు. కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు.

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. టోపీ సర్దుకుని నవ్వాడు.

"చెట్లన్నాక ఒకో ఏడు కాస్తాయి, ఒకో ఏడు కాయవు. వానలు తప్పాయి, అంతే. మీ అమ్మ సంగతి నీకు తెలీదా తల్లీ, దాని ఏడుపు దానిది."

"అబద్ధం!" అని అరిచాను. "నిన్న పడవలో నాతో ఏమన్నావు? నా మొహం చూసి చెప్పు!"

చూడలేదు. ఆడాళ్ళు నా భుజాలు పట్టుకుని, "ఊరుకో వదినా, నలుగురిలో మొగుడి పరువు తీస్తావా" అని వెనక్కి లాగారు.

"మామా, మరి వాగు అవతల?" అని అడిగాడు హైరో.

"అవతల కూడా" అన్నాడాయన.

నిల్దా మొగుడి చేతిలోంచి మచ్చుకత్తి తీసుకుంది. తండ్రిని అనుమానించానని సిగ్గుపడిందేమో, అందరికంటే ముందు అదే వాగు దాటింది. తొడంత లావు తీగ, పైన నిండా ఊదా పూలు. ఒక్క వేటుకి తెగింది. తెగినచోట నీళ్ళు ధారగా కారి నా బిడ్డ పాదాలు తడిశాయి. తండ్రి చెయ్యే వచ్చిందని అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ళతోపాటు ఆయనా కొట్టాడు.